దేవుడి అరలో సూది

సెంగ్‌కాంగ్, సింగపూరు
మార్చి నెల, ఆదివారం

బాపట్లలో ఉంటున్న హైమావతమ్మ గారికి ఈరమ్మ చెప్పి రాయించే సంగతులు.

నా పేరు ఈరమ్మ. మాది ఆదోని తాలూకా. పాస్‌పోర్టులో నా వయసు డెబ్బై నాలుగు, ఇంకో రెండు కలుపుకున్నా తప్పులేదు. ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, నా మనవరాలు కల్పన, మీ కొడుకు నిశాంత్. వియ్యమందిన వాళ్లకు మళ్లీ పేరూ వయసూ ఎందుకు పెద్దమ్మా అని రాసే ఆయన అడుగుతున్నాడు. నాకు తెలిసిన కాగితం అలాగే మొదలైంది. కల్పన తల్లి, అంటే నా కూతురు, పోయాక ఆ పసిదాన్ని నేను దత్తత తీసుకున్నాను. రిజిస్ట్రారు నా పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పించి, వేలిముద్ర వేయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ఆ కాగితం ఈనాటికీ చెల్లుతోంది. దాని బలం మీదనే నేనీ దేశంలో కల్పన తల్లిగా ఉండగలుగుతున్నాను. నా నోటి మాట ఏదైనా అలా రాస్తేనే చెల్లుతుందని నా నమ్మకం.

రాసే ఆయన వెంకటరాజు. రాజంపేట మనిషి. ఓడలు బాగుచేసే చోట వెల్డింగు పని, ఉండేది క్రాంజీలో కూలీల హాస్టల్లో. దేవళంలో పరిచయం. ఆదివారం వస్తే మా బిల్డింగు కింద రాతి బల్ల దగ్గర కూర్చుంటాం. నేను జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తెస్తాను, ఆయన కలం తెస్తాడు. ఇంట్లో రాయించను, కల్పనకు తెలియకూడదు. మీకు ఫోనులో మాట వినపడదు, నాకు అక్షరం తెలియదు. మన ఇద్దరి మధ్య ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కల్పనకు పిల్లల కోసం పొట్టలో రోజూ సూదులు వేసుకునే వైద్యం ఇంకొన్ని రోజుల్లో మొదలవుతుంది. అది మీకు తెలుసు. గుడ్లు పెరిగాక వాటిని పండించి విడిపించడానికి చివర ఒక సూది వేస్తారు. ఇక్కడ వెంకటరాజు కలం ఆపేశాడు. "ఇది నేను రాయాల్నా పెద్దమ్మా" అన్నాడు. "నీకు ఇద్దరు బిడ్డలు కదా, పార్సిల్లో వచ్చినారా" అన్నాను. తల వంచుకుని రాస్తున్నాడు.

ఆ చివరి సూది ఒక్క రకం కాదట. డాక్టరమ్మ బల్ల మీద రెండు పెట్టెలు పెట్టి చూపించింది, కల్పన నాకు తెలుగులో చెప్పింది. నీలం పెట్టెలోది పెద్ద సూది. అది ఒంట్లో చాలా రోజులు ఉంటుంది. గుడ్లను విడిపించడమే కాక గర్భసంచికి కూడా బలం పట్టి ఉంచుతుంది, కాబట్టి పిండాన్ని ఆ నెలలోనే లోపల పెట్టొచ్చు. తెల్ల పెట్టెలోది చిన్న సూది. అది ఒంట్లో ఉన్న శక్తినే తట్టి లేపి, తొందరగా వెళ్లిపోతుంది. కానీ గర్భసంచికి ఆ బలం చాలదు. పిండాలను చలిపెట్టెలో దాచి, రెండు మూడు నెలలు ఆగి పెట్టాలి. రెండూ కలిపి వేసే పద్ధతి కూడా ఉందట, అది కల్పన లాంటి వాళ్లకు మంచిది కాదంది.

ఎందుకంటే కల్పనకు గుడ్లు మరీ ఎక్కువ. స్కానులో ద్రాక్షగుత్తి మాదిరి కనపడ్డాయి. అట్లాంటి ఒంట్లో పెద్ద సూది అన్ని రోజులు నిలిస్తే పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి రావొచ్చంట. అందరికీ వస్తుందని కాదు, రావొచ్చు. డాక్టరమ్మ చిన్న సూది వైపే మొగ్గింది, కానీ మీరే ఆలోచించుకోండని వదిలేసింది. నిశాంత్ పెద్దదే కావాలంటాడు. అమ్మ చెప్పింది అంటాడు. నీలం పెట్టె తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేశాడు. కల్పన ఏమీ అనదు. నేను ఎనుముల దగ్గర పెరిగినదాన్ని, గొడ్డుకు కూడా తొందరపెట్టి సూది వేయించిన వాళ్లు బాగుపడింది చూడలేదు. మీరు ఒక్క మాట రాస్తే నిశాంత్ వింటాడు. రాయండి.

ఈరమ్మ వేలిముద్ర
సాక్షి: వెంకటరాజు. రెండో సాక్షి: ఎదురింటి చీనా ఆమె, తనకేమీ అర్థం కాలేదని సైగ చేసి సంతకం పెట్టింది.


బాపట్ల
మార్చి 19

పూజ్యులు ఈరమ్మ అత్తయ్యగారికి హైమావతి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన దాన్ని, ఇంత వివరంగా చెప్పిన విద్యార్థి నాకు తగల్లేదు. మీ ఆదుర్దా నాకు అర్థమైంది. కాని అత్తయ్యగారూ, ఎనుములకూ ఆడపిల్లకూ పోలిక తేవడం బాగాలేదు.

ఆ పెద్ద సూది నిన్న మొన్న పుట్టింది కాదు. ఎంతో కాలంగా వాడుతున్నారు, ఎందరికో పిల్లలు పుట్టారు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కండి. భయాలు డాక్టర్లు ముందే చెబుతారు, తర్వాత మాట పడకూడదని. ఆగడమే అన్నిటికన్నా కష్టం. ఆగిన ప్రతి నెలా ఇంట్లో ఏమవుతుందో మీకు తెలియదు. చలిపెట్టెలో దాచిన పిండం అంటే నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

నిశాంత్ నిర్ణయం వాడిది, నేను మార్చను.

ఈ కవరులో కుంకుమ పొట్లం పెట్టాను. సూది వేసే రోజు పొద్దున ఆ పెట్టెను దేవుడి ముందు పెట్టి, ఈ కుంకుమ అద్ది, దీపం వెలిగించండి. సాయంత్రం దాకా అక్కడే ఉంచండి. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా మా అత్తగారు అలాగే చేసేవారు, నేనూ చేస్తాను. ఈ ఒక్క పని నా కోసం చేయండి.

ఇట్లు,
హైమావతి


సెంగ్‌కాంగ్, సింగపూరు
ఏప్రిల్, ఆదివారం

హైమావతమ్మ గారికి ఈరమ్మ. పేరూ వయసూ పోయిన కాగితంలో ఉన్నాయి, మళ్లీ చెప్పను. ఇంట్లో అదే ముగ్గురం.

జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరు వేరే చోట వేరే రకంగా వినే లోపల.

ఆ రోజు పొద్దున వాళ్లిద్దరూ స్కానుకు పోయారు. సాయంత్రం సూది అని ముందే చెప్పారు. నేను తలస్నానం చేసి, ఫ్రిజ్‌లోని నీలం పెట్టె తీసి దేవుడి అరలో పెట్టాను. మీ కుంకుమ అద్దాను. దీపం పెట్టాను, ఆరిపోతుంటే మళ్లీ నూనె పోశాను. ఆ అర కిటికీ పక్కనే ఉంది, మధ్యాహ్నం ఎండ సూటిగా పడుతుంది. మీరు సాయంత్రం దాకా అన్నారు, సాయంత్రం దాకా ఉంచాను. ఫ్రిజ్‌లో పెట్టింది ఇంట్లో జాగ లేకనేమో అనుకున్నాను. చల్లగా ఉండకపోతే మందు చెడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

నిశాంత్ వచ్చి చూశాడు. పెట్టె పట్టుకుంటే రొట్టె మాదిరి వెచ్చగా ఉంది. "అవ్వా, ఏం చేసినావ్ నువ్వు" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండు. ముగ్గురం టాక్సీలో ఆసుపత్రికి పోయాం. అక్కడి నర్సు ఈ మందు వాడొద్దంది. చిన్న సూది వేశారు.

గుడ్లు తీశారు. పిండాలు నాలుగు నిలిచాయి, చలిపెట్టెలో దాచారు. కల్పనకు పొట్ట కొంచెం ఉబ్బి తగ్గింది, అంతకు మించి ఏమీ కాలేదు. లేచి తిరుగుతోంది, ఆఫీసుకు పోతోంది.

నాతో మాత్రం మాట్లాడటం లేదు. మాట్లాడదంటే అసలు మాట్లాడదని కాదు. "తిన్నావా అవ్వా" అంటుంది. "తిన్నాను" అంటాను. అంతే. పొద్దున వాళ్లు తలుపు వేసుకుని పోతే, కిటికీలో నుంచి డ్రైవరు లేని చిన్న రైలు కనిపిస్తుంది. ఈ పేట చుట్టూ తిరిగి మళ్లీ మొదటి స్టేషనుకే వస్తుంది. దాని ముందు సీటులో పిల్లలు కూర్చుని తామే నడుపుతున్నట్టు చేతులు తిప్పుతారు. అది చూస్తూ ఉంటాను. ఎదురింటి చీనా ఆమెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. ఇద్దరం తలుపులు తీసి పెట్టుకుని కూర్చుంటాం. ఆమె నాకు ఒకసారి కమలాపండు ఇచ్చింది.

మీ కొడుకు ఏమన్నా రాస్తే, పక్కన ఇది కూడా పెట్టుకుని చదవండి.

వేలిముద్ర
సాక్షులు: వెంకటరాజు, చీనా ఆమె


బాపట్ల
జూలై 8

ఈరమ్మగారికి,

మొదటి పిండం నిలవలేదని నిశాంత్ మెసేజి పెట్టాడు. ఒక్క వాక్యం. తర్వాత దండం పెట్టే బొమ్మ. నేను దాన్ని రోజంతా చూస్తూ కూర్చున్నాను. నాకు చెవులు వినపడకుండా పోయినప్పటి నుంచీ నా కొడుకు నాతో మాట్లాడేది బొమ్మలతోనే.

ఇన్నాళ్లూ నేను మీకు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను. మీరు ఆ పెట్టెను కావాలనే ఎండలో పెట్టారు. చిన్న సూదే కావాలని ఉత్తరం రాయించిన మనిషి, పెద్ద సూదిని ఫ్రిజ్‌లోంచి తీసి దీపం పక్కన పెట్టిందంటే దానికి ఇంకే అర్థం ఉంటుంది? కుంకుమ పంపింది నేనే. నా కుంకుమను మీరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ నెలలోనే పెట్టి ఉంటే ఈపాటికి నాలుగో నెల. కల్పన ఆ ఇంట్లో మీ ముందు నోరెత్తదు, మీరు పెంచారు కనుక. ఆమె తరఫున నేను అడుగుతున్నాను.

మీరు ఊరికి వెళ్లిపోవడం మంచిదని నిశాంత్‌కు రాశాను. వాడు జవాబివ్వలేదు. కాదని కూడా అనలేదు.

హైమావతి


సెంగ్‌కాంగ్, సింగపూరు
జూలై, ఆదివారం

హైమావతమ్మ గారికి.

ఇవాళ మా బిల్డింగు కింద చావు కార్యం జరుగుతోంది, గుడారం వేశారు, బల్లలన్నీ వాళ్లవే. పక్క బ్లాకుకు పోయి మెట్ల మీద కూర్చుని రాయిస్తున్నాను. వెంకటరాజు మీ ఉత్తరం ఒకసారి చదివి, రెండోసారి చదవనన్నాడు. "బాగా మాటలన్నారు పెద్దమ్మా" అన్నాడు. చదువు అన్నాను. చదివాడు.

నేను ఎవరి మందూ చెడగొట్టలేదు. చెడగొట్టాలనుకుంటే చెత్తగొట్టంలో వేసేదాన్ని, ఈ ఇళ్లలో అది వంటింట్లోనే ఉంటుంది, మూత తీసి వేస్తే కిందికి పోతుంది, దీపానికి నూనె ఖర్చు కూడా ఉండదు. దేవుడిని అడ్డం పెట్టుకుని దొంగతనం చేసే అలవాటు మా ఇంట్లో లేదు. మీరు చెప్పినట్టు చేశాను. చెప్పింది మీరు, చేసింది నేను, చెడింది మందు. అంతే నా వాదం.

ఊరికి పొమ్మన్నారు. ఏ ఊరికి? ఆదోని ఇల్లు అమ్మి కల్పనను చదివించాను. ఆ పిల్ల నోటితో పొమ్మంటే ఆ రోజే పోతాను. మీ నోటితో కాదు.

కల్పన నా ముందు నోరెత్తదని రాశారు. అది ఎవరి ముందూ ఎత్తదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినా చెప్పేది కాదు, చెయ్యి పట్టుకుని చూస్తే తెలిసేది. పిండం నిలవలేదని తెలిసిన రోజు కూడా సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. నేను దాని పక్కన నిలబడి గుడ్డతో తుడిచాను.

ఆ రోజు ఆసుపత్రిలో నేను కళ్లారా చూసింది ఒకటి ఉంది. అది చెబితే మీరు నన్ను ఏమీ అనలేరు. అది రాయించను. వెంకటరాజు అడుగుతున్నాడు, ఆయనకూ చెప్పను.

వేలిముద్ర
సాక్షి: వెంకటరాజు ఒక్కడే. చీనా ఆమె చావు దగ్గర ఉంది, చనిపోయింది ఆమె చెల్లెలే.


బాపట్ల
ఆగస్టు 21

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చెత్తగొట్టం మాట దగ్గర నవ్వు వచ్చింది. నవ్వాక కోపం తెచ్చుకోవడం కష్టమైంది. మీరు కావాలని చేయలేదని నాకు మొదటి నుంచీ తెలుసు అనుకుంటాను. సాయంత్రం దాకా ఉంచమన్నది నేనే కదా.

నాకు ఎలా తెలుసని అడక్కండి అని రాశాను గుర్తుందా? మీరు అడగలేదు. అడగకుండా ఉన్నందుకే ఇప్పుడు చెబుతున్నాను.

నిశాంత్ కోసం నన్ను మద్రాసులో ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లారు. పెళ్లయి ఏడేళ్లు. మా అత్తగారు నిర్ణయించారు, మావారు టికెట్లు తెచ్చారు, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. సూదులు వేశారు, చివరికి ఆ పెద్ద సూది. అప్పట్లో అదొక్కటే. వారం తిరగకుండా నా పొట్ట నిండు చూలాలి పొట్టలా అయింది. ఊపిరి ఆడలేదు. పడుకోలేను, కూర్చోలేను. గొట్టం పెట్టి నీరు తీశారు, మళ్లీ ఊరింది, మళ్లీ తీశారు. పక్క మంచం మీద అదే వైద్యానికి వచ్చిన నెల్లూరు అమ్మాయి ఉండేది. ఒక పొద్దున ఆ మంచం ఖాళీగా ఉంది. ఎవరినీ అడగలేదు. ఆ నెలలోనే నిశాంత్ నిలిచాడు.

మావారు ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఈ భూమ్మీద అది తెలిసింది నా ఒక్కదానికే. నిశాంత్‌కు తెలియదు.

మీ మొదటి ఉత్తరం చదివాక, చిన్న సూది ఉందని, పొట్టలో నీరు చేరకుండా దారి ఉందని తెలిసింది. నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ఇంకో దారి ఉంటే నేను పడింది అంతా ఎందుకు అనిపించింది. నేను పడ్డాను, కన్నాను, కనుక అదే సరైనది అని పట్టుకు కూర్చున్నాను. కల్పనకు ఏదైనా అయి ఉంటే?

ఈ ఇంట్లో టీవీ కూడా మూగగానే నడుస్తుంది. ఇది ఎవరికైనా చెప్పాలని ముప్పై ఆరేళ్లు అనుకున్నాను. చివరికి చదువు రాని మనిషికి రాశాను, ఇంకొకరు చదివి వినిపించాలని తెలిసి కూడా.

హైమావతి


సెంగ్‌కాంగ్, సింగపూరు
సెప్టెంబరు, ఆదివారం

హైమావతీ,

ఇకమీద మీరు అనను. నా కన్నా చిన్నదానివి.

నా పేరు ఈరమ్మ. వయసు ముందే చెప్పాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఇవాళ మళ్లీ పేరు దగ్గర నుంచి చెప్పి రాయిస్తున్నాను, ఎందుకో చివర తెలుస్తుంది.

నీ ఉత్తరం వెంకటరాజు మెల్లగా చదివాడు. నెల్లూరు అమ్మాయి దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను తల ఎత్తితే స్తంభం పక్కన కల్పన నిలబడి ఉంది. చేతిలో నా మందుల సంచి. పొద్దున వేసుకోవాల్సిన మాత్ర మరిచిపోయి వచ్చానని తెచ్చింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నీ సంగతి దాని చెవిన పడింది, హైమావతీ. దాచిపెట్టి నీకు అబద్ధం రాయించలేను. కావాలని వినిపించలేదు.

వెంకటరాజు లేచిపోబోతే, "కూర్చోండి అన్నా" అంది. రాతి బల్ల మీద నా ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి రాయిస్తున్నావ్ అవ్వా?"

"నీ సూదుల కాలం నుంచి."

"అత్తమ్మ నిన్ను ఊరికి పొమ్మన్నారని నిశాంత్ అన్నాడు, నిజమేనా?"

"అన్నది. పోయేదాన్ని కాదు."

"ఆ రోజు నువ్వు చూసినావు కదా?"

నేను చూశానని దానికీ తెలుసు, తెలుసని నాకూ తెలుసు. ఆరు నెలలు ఆ ఒక్క మాటకే మేమిద్దరం తిన్నావా, తిన్నాను అని తిరిగాం.

"చూసి కూడా ఎందుకు చెప్పలేదు? అందరూ నిన్నే అన్నారు కదా అవ్వా."

"నీ మాట నేను చెప్పేదేందే. నీకు నోరు లేదా?"

అప్పుడు ఏడ్చింది. ఎక్కువ కాదు. ముక్కు తుడుచుకుని వెంకటరాజు వైపు తిరిగి, "రాయండి అన్నా, నేను చెప్తాను" అంది. ఇక్కడి నుంచి అది చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను:

"అత్తమ్మా, ఆ రోజు నీలం పెట్టె చెడిపోయిందని నర్సు చెప్పింది. చెడిపోతే ఇంకొకటి ఇస్తారు. అది కష్టం కాదు. నర్సు లోపలికి వెళ్లి రెండు పెట్టెలూ తెచ్చి నా ముందు పెట్టి, డాక్టరు మీ ఇష్టం అన్నారు, ఏది కావాలి అని అడిగింది. నిశాంత్ అప్పుడు కిందికి డాక్టరు ఫీజు కట్టడానికి వెళ్లాడు. నేను తెల్ల పెట్టె మీద చెయ్యి పెట్టాను. అవ్వ తలుపు దగ్గర కూర్చుని చూస్తోంది. నిశాంత్ వచ్చాక, పెద్ద సూది పాడైంది కాబట్టి చిన్నది వేశారు అని చెప్పాను. మొదటి రోజు నుంచీ నాకు అదే కావాలి. చెప్పడానికి ధైర్యం రాలేదు. అవ్వ మీద పడితే నా మీద పడదు అనుకున్నాను. పిండం నిలవనప్పుడు నా వల్లే పోయిందేమో అనుకుని ఇంకా చెప్పలేకపోయాను. డాక్టరుగారు దానికీ సూదికీ సంబంధం లేదన్నారు. ఇంకా మూడు ఉన్నాయి. మీరు పడింది విన్నాను అత్తమ్మా. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నన్ను నర్సు అడిగింది."

కల్పన మాట అంతవరకే. ఇక నాది.

ఈ సాయంత్రం నిశాంత్‌కు తన సంగతి తనే చెబుతానంటోంది. నీ సంగతి చెప్పదు, నేనూ చెప్పను, వెంకటరాజు దేవుడి మీద ఒట్టు వేశాడు. అది నువ్వే చెప్పాలి. బొమ్మతో కాదు. ఇక్కడికి వచ్చి వాడి ఎదురుగా కూర్చుని చెప్పు. నిశాంత్ టికెట్టు తీయకపోతే నేను వాడి చెవి మెలిపెడతాను. నీకు వినపడదు, నాకు చదవను రాదు. పగలంతా ఈ ఇంట్లో ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుందాం. రెండో పిండమో మూడో పిండమో నిలిచినా నిలవకపోయినా ఆ పిల్ల పక్కన ఉండడానికి ఇద్దరు ముసలివాళ్లు ఎక్కువేమీ కాదు.

వచ్చేటప్పుడు కుంకుమ తీసుకురా. ఈసారి దాన్ని మందుకు పెట్టొద్దు, పిల్ల నుదుట పెడదాం.

చీనా ఆమె ఇవాళ సంతకానికి దిగి వచ్చింది. కల్పన ఆమెకు ఏదో చెప్పి నవ్వించి పైకి పంపేసింది. సాక్షి దగ్గర తన పేరే రాయాలంది.

ఇది ఆ దత్తత కాగితం మాదిరి చెల్లాలనే పేరు దగ్గర నుంచి రాయించాను. ఇది నా మాట. చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని, ఎడమ బొటనవేలు వేశాను.

ఈరమ్మ వేలిముద్ర

సాక్షులు:
వెంకటరాజు
కల్పన